ఆయిల్ లేక విరిగిందా, విరిగాక ఆయిల్ పోయిందా?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. నేను ఉపాధ్యాయురాలిని. 2016లో కొన్న 1248 సీసీ డీజిల్ కారు మాది, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వీధిలోకి వస్తుంటే కారును మెరక మీదికి చేర్చాలని మావారు బయటికి తీశారు. మోకాలి లోతు నీళ్లలో ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోయింది. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. ఇరుగుపొరుగు సాయంతో మెరక మీదికి తోశాం. నీళ్లు తగ్గాక మా మెకానిక్ ఎయిర్ ఫిల్టర్, ఆయిల్ మార్చి స్టార్ట్ చేసి ఇచ్చారు. అప్పటి నుంచి ఉదయంపూట కాసేపు తెల్ల పొగ వచ్చేది, బండి ఊగేది, టకటకమని చప్పుడు చేసేది. వేడెక్కాక సర్దుకునేది. అడిగితే డీజిల్ బండి అంతేనన్నారు. సంక్రాంతికి ఊరు వెళ్లి తిరిగి వస్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక పెద్ద చప్పుడుతో ఇంజన్ ఆగింది. రోడ్డంతా ఆయిల్. బ్లాకుకు అరచేయి పట్టేంత రంధ్రం పడింది. ఇంజన్ దించి, హెడ్డు, ఆయిల్ ఛాంబర్ విప్పి చూసిన మెకానిక్, ఆయిల్ చూసుకోకుండా తిప్పారు, అందుకే బేరింగ్ పట్టేసి రాడ్డు విరిగింది అంటున్నారు. ఊరికి బయలుదేరే ముందు మావారు డిప్‌స్టిక్ చూశారు, ఆయిల్ పై గీత దగ్గరే ఉంది. ఎర్ర ఆయిల్ లైటు కూడా ఆ చప్పుడు అయ్యాకే వెలిగింది. లక్షన్నర పైగా ఖర్చవుతుందట. ఎనిమిదేళ్లుగా నమ్మిన మనిషి. ఆయన్ని అనుమానించడం తప్పా? అసలు ఏం జరిగిందో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: టీచరు గారూ, మిగతాది తర్వాత చదవవచ్చు, ముందు ఒక పని చేయండి. ఈ రోజే షెడ్డుకు వెళ్లి, విరిగిన ముక్కల్లో ఒక్కటి కూడా పాత ఇనుముకు వేయవద్దని చెప్పండి. రాడ్డు (పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకు ఇరుసుకు కలిపే కడ్డీ) ముక్కలు, ఆ రాడ్డుకూ క్రాంకుకూ మధ్య ఉండే బేరింగ్ షెల్స్, పగిలిన పిస్టన్ తునకలు, ఆయిల్ ఫిల్టర్ లోపలి కాగితం, ఛాంబర్ అడుగున మిగిలిన మడ్డి, అన్నీ ఒక డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకోండి. అవి మీ వస్తువులు, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. బ్లాకులో, అంటే సిలిండర్లుండే ఇంజన్ దిమ్మలో, మిగిలిన మూడు పిస్టన్లను మాత్రం ఎవరూ బయటికి తీయకుండా అలాగే ఉంచమనండి. ఎందుకో కింద చెబుతాను.

ఇక మీ అనుమానం సంగతి. అది తప్పు కాదు. ఇంజన్ల బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, మీ ఉత్తరంలోని లక్షణాలు ఆయిల్ లేక పాడైన ఇంజన్‌వి కావు. నీళ్లు మింగి, లోపల రాడ్డు వంగి, అలాగే నాలుగు నెలలు తిరిగిన ఇంజన్‌వి. చూడకుండా తీర్పు చెప్పను. కానీ ఎక్కడ చూడాలో చెప్పగలను. అక్కడ చూస్తే మీ మెకానిక్ మాట నిజమో, నా మాట నిజమో ఆ లోహమే చెబుతుంది.

ముందుగా ఆయన మాటలో ఉన్న తిరకాసు చూడండి. ఇంజన్ విప్పేటప్పటికి లోపల ఆయిల్ లేదు. కాబట్టి ఆయిల్ లేకుండా నడిపారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ బ్లాకుకు అరచేయి పట్టేంత రంధ్రం పడ్డాక ఆయిల్ ఎలా ఉంటుంది? ఈ ఇంజన్‌లో పట్టేదే సుమారు మూడు లీటర్లు. పంపు ఇంకా తిరుగుతుండగానే ఆ రంధ్రంలోంచి రోడ్డు మీదికి పోయింది. ప్రెజర్ పడిపోయింది, అందుకే లైటు వెలిగింది. మీరు చెప్పిన వరుస కూడా అదే: ముందు చప్పుడు, తర్వాత లైటు. ఆయిల్ లేకపోవడం కారణమూ కావచ్చు, ఫలితమూ కావచ్చు. ఖాళీ ఛాంబర్ ఒక్కటే చూసి ఏదని తేల్చలేం. మీ మెకానిక్ అబద్ధమాడుతున్నారని నేను అనుకోవడం లేదు. షెడ్డుల్లో ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు. మాడిన బేరింగ్ కనిపించగానే అలవాటుగా నోటికి వచ్చే మాట అది.

ఇప్పుడు సెప్టెంబరు 1కి వెళదాం. మీ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 312 సీసీ. ఈ తరహా డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు లోపలి గాలి సుమారు పదిహేడో వంతుకు కుదించుకుపోతుంది. అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరాక మిగిలే చోటు 19 మిల్లీలీటర్ల లోపే. దగ్గు మందు సీసా మూతతో రెండు మూతలు కూడా నిండని చోటు. గాలి కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. ఎయిర్ ఫిల్టర్ దారిన అంతకు మించి నీళ్లు ఒక సిలిండర్‌లోకి చేరితే, పైకి వస్తున్న పిస్టన్ గోడను గుద్దుకున్నట్లు ఆగిపోతుంది. కింద క్రాంకు మాత్రం తిరిగే ఊపులోనే ఉంటుంది. ఈ రెండింటి మధ్య నలిగేది కనెక్టింగ్ రాడ్డు. అది విరగవచ్చు. ఎక్కువసార్లు కొద్దిగా వంగి ఊరుకుంటుంది.

వంగిన రాడ్డుతో ఇంజన్ స్టార్ట్ అవుతుందా అని అడిగేవారు చాలామంది. అవుతుంది. నీళ్లు బయటికి పోయాక నడుస్తుంది, పిలిచిన పని చేస్తుంది. అదే ఇందులో ఉన్న ప్రమాదం. రాడ్డు ఒక్క మిల్లీమీటరు పొట్టి అయిందనుకోండి. పిస్టన్ అంతే కిందే ఆగుతుంది. మీ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 69.6 మిల్లీమీటర్లు కాబట్టి పైన మిగిలే చోటు దాదాపు 4 మిల్లీలీటర్లు పెరుగుతుంది. పదిహేడున్నర వంతులున్న కంప్రెషన్ పదిహేను దగ్గరికి పడిపోతుంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, కుదించిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. కంప్రెషన్ తగ్గిన సిలిండర్‌లో, అందులోనూ చలికాలం ఉదయం, ఆ వేడి చాలదు. డీజిల్ పూర్తిగా మండక తెల్ల పొగగా బయటికి వస్తుంది. మూడు సిలిండర్లు సరిగా కొడుతుంటే నాలుగోది తడబడుతుంది, బండి ఊగుతుంది. లోహం వేడెక్కాక ఆ సిలిండర్ కూడా అందుకుంటుంది. మీ ఉత్తరంలో తెల్ల పొగ, ఊగడం, వేడెక్కాక సర్దుకోవడం అని మీరు రాసిన మూడు మాటలకూ నాకు అర్థమైంది ఇదే. డీజిల్ బండి అంతే అన్న మాట ఆ రోజు చెప్పకుండా ఉండాల్సింది. వరదకు ముందు లేని లక్షణం వరద తర్వాత వస్తే, అది బండి స్వభావం అనిపించుకోదు.

మరి వంగిన రోజే విరగకుండా నాలుగు నెలలు ఎందుకు ఆగింది? వంగిన రాడ్డు మీద ప్రతి చుట్టుకూ బరువు పక్కకు పడుతుంది. ఒక ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఎప్పుడో ఒకసారి తెగుతుంది కదా, అదే పద్ధతి. మీరు ఆ నాలుగు నెలల్లో ఐదు వేల కిలోమీటర్లు తిరిగారనుకుంటే, ఊళ్లో తిరుగుడూ హైవే ప్రయాణమూ కలిపి ఆ క్రాంకు కోటికి పైగా చుట్లు తిరిగి ఉంటుంది. అన్ని సార్లూ ఆ వంగిన చోట సన్నని పగులు కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చి, మిగిలిన లోహం బరువు మోయలేని రోజున తెగింది.

ఇది నా ఊహ. దీన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ షెడ్డులో ఉంది. వెళ్లి చూడండి.

మొదటిది రాడ్డు విరిగిన చోటు. మధ్య కాండంలో విరిగిందా, లేక క్రాంకును పట్టుకునే పెద్ద కన్ను దగ్గర విరిగిందా? ఆయిల్ అందక బేరింగ్ పట్టేస్తే దెబ్బ సాధారణంగా ఆ పెద్ద కన్ను దగ్గరే పడుతుంది. బేరింగ్ షెల్ తన చోటు వదిలి తిరిగిపోతుంది, రేకులా పలచబడుతుంది, రాడ్డు కన్ను నీలంగా, నల్లగా మాడుతుంది, ఆ కన్నుకు కింది సగమైన క్యాపును బిగించే బోల్టు తెగుతుంది. కాండం మధ్యలో విరిగి, పెద్ద కన్ను మామూలు ఇనుము రంగులోనే ఉంటే అది ఆయిల్ కథ కాదు. తర్వాత విరిగిన ముఖాన్ని చూడండి. కొద్దికొద్దిగా పెరిగిన పగులు అయితే ఒక అంచు దగ్గర నునుపుగా, చెరువు గట్టున నీళ్లు తగ్గుతూ వదిలిన గీతల్లాంటి వంపు గీతలు ఉంటాయి. ఆఖరున ఒక్కసారిగా తెగిన భాగం మాత్రం చెరకు విరిచినట్లు గరుకుగా ఉంటుంది. నునుపు, గరుకు రెండూ ఒకే ముఖం మీద ఉంటే, ఆ రాడ్డు హనుమాన్ జంక్షన్ దగ్గర విరగడం మొదలుపెట్టలేదు, అక్కడ విరగడం పూర్తి చేసింది. ఒక జాగ్రత్త. విరిగాక ఆ ముక్కలను క్రాంకు సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. ముఖం నలిగిపోయి ఉంటే అందులో ఏమీ చదవలేం. విరిగిన ముక్క వంకరగా ఉందని చూపించి ఇదిగో వంగింది అనడం కూడా న్యాయం కాదు, ఆ వంకర విరిగాక వచ్చినదై ఉండవచ్చు. నా వాదనకు పనికివచ్చినంత మాత్రాన దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

అందుకే నేను ఎక్కువగా నమ్మేది సిలిండర్ గోడను. సిలిండర్లకు పై మూత అయిన హెడ్డు తీసి ఉంది కాబట్టి పై నుంచి బోరులోకి టార్చి వేసి చూడండి. పిస్టన్ మీది మొదటి రింగు ఎక్కడి దాకా వచ్చి ఆగుతుందో అక్కడి దాకా గోడ మెరుస్తూ ఉంటుంది. ఆ పైన, అంచు వరకు, నల్లని మసి పట్టీ ఉంటుంది. నాలుగు బోరుల్లోనూ ఈ పట్టీ ఒకే వెడల్పులో ఉండాలి. రాడ్డు పొట్టి అయిన సిలిండర్‌లో రింగు మునుపటి ఎత్తుకు రాదు. అందువల్ల పాత మసి పట్టీ కింద, అప్పటిదాకా మెరిసిన చోట, కొత్తగా సన్నని మసి గీత ఏర్పడుతుంది. పాతది దళసరిగా, గట్టిగా ఉంటుంది, కొత్తది పలచగా ఉంటుంది. గోరుతో తాకితే తేడా తెలుస్తుంది. ఒక్క రోజులో ఏర్పడే గీత కాదది, వారాలు పడుతుంది. ఆ గీత ఉంటే పిస్టన్ కొంతకాలంగా పొట్టి రాడ్డుతో తిరుగుతోందని అర్థం. ఆయిల్ లేక అప్పటికప్పుడు జరిగిన ప్రమాదం అలాంటి గీతను గీయలేదు. నేను చెప్పే వాటిలో ఒక్కటే చూడగలిగితే దీన్నే చూడండి, ఫోటో తీయండి.

మిగిలిన మూడు పిస్టన్లను బయటికి తీయవద్దన్నది ఇందుకే. నీళ్లు ఒక్క సిలిండర్‌లోకే వెళ్లాయన్న హామీ లేదు. క్రాంకును చేత్తో తిప్పుతూ ఒక్కో పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి, బ్లాకు అంచుతో పోలిస్తే ఎంత ఎత్తులో ఉందో లోతు కొలిచే డెప్త్ గేజితో కొలవమనండి. మూడూ ఒకే కొలత చూపాలి. ఒకటి మిల్లీమీటరులో మూడో వంతు తక్కువైనా అనుమానించాల్సిందే. రాడ్డులు బయటికి తీశాక ఇంకో పాత పద్ధతి ఉంది. రాడ్డులను వరుసగా నిలబెట్టి, పెద్ద కన్నులన్నీ ఒకే కడ్డీ మీదికి వచ్చేలా అమర్చి, పైన చిన్న కన్నుల్లోంచి ఒకే గజన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) దూర్చండి. పొడవులు సమానమైతే వెన్నలో దిగినట్లు జారిపోతుంది, ఒకటి పొట్టి అయితే అక్కడ ఆగుతుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదట నేర్పేది ఇదే. ఒక్క సంగతి మరచిపోకండి, ఇప్పటి చాలా ఇంజన్లలో రాడ్డు క్యాపును కోసి చేయరు, విరిచి చేస్తారు. ఏ రాడ్డు క్యాపు ఆ రాడ్డుకే అతుకుతుంది. కలగలిపితే అన్నీ పనికిరాకుండా పోతాయి.

ఇప్పుడు మీ మెకానిక్ తరఫున చూద్దాం. నిజంగానే ఆయిల్ అందలేదనుకుంటే, ఆ దెబ్బ ఒక్క బేరింగ్‌తో ఆగదు. ఆయిల్ లేకపోతే ముందుగా ఏడ్చేది ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, పలచని ఆయిల్ పొర మీదే తేలుతుంది. ఆ పొర లేకపోతే ఎక్కువసేపు బతకదు. టర్బో గాలి గొట్టం విప్పి ఇరుసును వేళ్లతో పట్టుకుని తిప్పండి. నున్నగా తిరుగుతూ, పక్కలకు అతి కొద్ది కదలిక మాత్రమే ఉంటే దానికి చివరిదాకా ఆయిల్ అందిందనే. గరగరలాడితే, రెక్కలు గోడకు రాసుకుని ఉంటే, మెకానిక్ మాటకు బలం వచ్చినట్లు. అలాగే హెడ్డు మీద వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసు తిరిగే గుంటలు చూడండి, అక్కడ చారలు పడి ఉంటే ఆయిల్ కరువే. ఇక క్రాంకుకు ఉన్న మిగిలిన మూడు రాడ్డుల బేరింగులు, మెయిన్ బేరింగులు. అన్నిటి మీదా గీతలు పడి, పై పూత పోయి లోపలి లోహం కనిపిస్తూ, క్రాంకు నీలంగా మారి ఉంటే నేను ఓడిపోయినట్లే, మీరు ఆయన మాట ఒప్పుకోండి. ఆ ఒక్క సిలిండర్ బేరింగే మాడి, మిగతావన్నీ శుభ్రంగా ఉంటే కథ వేరు. వంగిన రాడ్డు బేరింగ్‌ను సమంగా నొక్కదు, ఒక పక్క పై అంచు, ఇంకో పక్క కింది అంచు అరిగిపోతాయి. అలా అరిగి అరిగి ఆఖరికి ఆ ఒక్కటీ మాడవచ్చు కూడా. మీ మెకానిక్ చూసిన మాడిన బేరింగ్ అదే కావచ్చు. ఆయన చూసింది నిజం, దాని నుంచి తీసిన లెక్క తప్పు.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే అది పాలు కలిపిన టీ రంగుకు మారుతుంది. ఒక్కసారి మార్చినా మూలల్లో కొంత మిగిలి, బేరింగుల మీద తుప్పు చుక్కలు పెడుతుంది. ఫిల్టర్ కాగితాన్ని కోసి, మడతలు విప్పి, పాత దినపత్రిక మీద ఎండలో పరచండి. మెరిసే రజను ఎంత ఉందో, అయస్కాంతానికి అంటుకుంటోందో లేదో చూడండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే బేరింగ్ లేదా పిస్టన్ లోహం. ఇది మీరు ఇంట్లో చేయగల పని.

ఈ తగవు మాటల్లో గెలవడానికి కాదని మీకూ తెలుసు. కారణం తేలకుండా ఇంజన్ కడితే ఆ లక్షన్నర మళ్లీ రోడ్డు మీద ఒలికిపోతుంది. ఆయిల్ అందకపోవడమే కారణమైతే పంపు, ఆయిల్ దారులు, టర్బో అన్నీ చూడాలి. నీళ్లే కారణమైతే మిగిలిన మూడు రాడ్డుల మీదే అనుమానం, వాటిని కొలవకుండా తిరిగి బిగిస్తే రెండో రంధ్రం పడుతుంది. ఆయన ఏ భాగాలు మారుస్తానంటున్నారో రాసిమ్మనండి. ఆయన చెప్పిన కారణానికీ ఆ పట్టికకూ పొంతన ఉందో లేదో చూడండి. ఆయిల్ కరువు అంటూనే పంపు జోలికి పోకపోతే, ఆ మాట ఆయనే నమ్మడం లేదన్నమాట.

ఎనిమిదేళ్లు నమ్మిన మనిషి అన్నారు. ఆ మాట నాకు ముఖ్యంగా తోచింది. చాలా ఏళ్ల కిందట మా దగ్గరికి ఒక వ్యాన్ ఇంజన్ వచ్చింది. దాని డ్రైవర్ ఆయిల్ చూసుకోలేదని యజమాని తీర్మానించి, అతని జీతంలో కోత పెట్టడం మొదలుపెట్టాడు. ఆ కుర్రవాడు మా షాపు గుమ్మంలో నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. నేను బోరులోకి టార్చి వేస్తే పాత పట్టీ కింద రెండో గీత కనిపించింది. అంతకు ముందు వర్షాకాలంలో ఆ వ్యాన్ ఒక వంతెన కింద నీళ్లలో ఆగిపోయిందని, అప్పుడు నడిపినది యజమానేనని అడిగితే తెలిసింది. కోసిన జీతం తిరిగి ఇచ్చాడు. అప్పటి నుంచి నా ముందు ఎవరైనా డ్రైవర్ తప్పు, యజమాని తప్పు, మెకానిక్ తప్పు అని మొదలుపెడితే ముందు బోరు చూద్దాం పదండి అంటాను. మీవారి మీద నింద ఉంది. దాన్ని నిజానిజాలు చూడకుండా మోయనక్కర్లేదు. అలాగే మీ మెకానిక్ మీద వేయనూ వద్దు.

ఆయనతో మాట్లాడేటప్పుడు అబద్ధం చెబుతున్నారు అన్న ధోరణి వద్దు. మీరు చెప్పింది ఏ ముక్క మీద కనిపిస్తోందో నాకు చూపించండి అని అడగండి. ఆ ఒక్క మాట చాలు. పని తెలిసిన మెకానిక్‌కు ఆ ప్రశ్న నచ్చుతుంది, చేతులు తుడుచుకుని వచ్చి చూపిస్తాడు. విసుక్కుని, మీకేం తెలుసు అంటే, ఇంజన్‌ను అక్కడే ఉంచి ఇంకొకరిని పిలిపించండి. మీరుండేది విజయవాడలో, ఆటోనగర్ మీకు చేరువ. అక్కడ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ చేసే షాపులో పాతవారిని ఒకరిని అడగండి. ఇంజన్ కట్టే పని ఆయనకు ఇవ్వబోమని ముందే చెప్పి, చూసినందుకు రుసుము ఇచ్చి అడగండి. పని దొరుకుతుందన్న ఆశ లేని మనిషి అభిప్రాయమే మీకు కావాలి. బీమా సర్వేయర్లలోనూ విడిగా రుసుము తీసుకుని చూసి నివేదిక రాసిచ్చేవారుంటారు.

బీమా గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పాడైతే, దాన్ని వరద నష్టంగా కాక తర్వాతి పర్యవసానంగా లెక్కకట్టి మామూలు సమగ్ర పాలసీ కింద కంపెనీలు సాధారణంగా తిరస్కరిస్తాయి. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకుని ఉంటే అవకాశం ఉంటుంది. చూడాల్సింది ఇప్పటి పాలసీని కాదు, సెప్టెంబరు 1న అమల్లో ఉన్న పాలసీని. అప్పుడు కంపెనీకి తెలియజేయకపోతే ఇప్పుడు కష్టమే, అది దాచను. కానీ ఆ మసి గీత ఫోటో, కొలతలు, నివేదిక చేతిలో ఉంటే కనీసం రాతపూర్వకంగా అడగండి. తిరస్కరిస్తే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. మెకానిక్ సేవాలోపం గురించి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు కూడా మీకుంది, రెండేళ్ల గడువు ఉంటుంది. నా మట్టుకు, నాలుగు ముక్కలూ ఎదురుగా పెట్టుకుని మాట్లాడితే ఎనిమిదేళ్ల పరిచయంలో కూలి మినహాయింపు దాకా అయినా వస్తుందనిపిస్తోంది.

బ్లాకు మార్చాల్సి వస్తే ఒక మాట. ఇంజన్ నంబరు ఉండేది బ్లాకు మీదే. కంపెనీ నుంచి కొత్త హాఫ్ ఇంజన్ (హెడ్డు లేని కింది భాగం) తెచ్చినా, సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చినా ఆ నంబరును రవాణా శాఖ వద్ద ఆర్‌సీలో మార్పించి, బీమా కంపెనీకీ తెలపాలి. సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఏ బండిలోంచి వచ్చిందో కాగితం లేకుండా తీసుకోకండి, ఎంత చవకైనా సరే.

మీలాగే ప్రతి వర్షాకాలం ఎవరో ఒకరు నాకు ఉత్తరం రాస్తారు కాబట్టి మిగతా పాఠకులకు కూడా చెబుతున్నాను. నీళ్లలో ఇంజన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఒక్కసారి కూడా వద్దు. తోయించండి, కట్టి లాగించండి. మెకానిక్ చేత ముందు గ్లో ప్లగ్గులు (చల్లని డీజిల్ ఇంజన్‌ను లోపల వేడిచేసేవి), పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులు విప్పించి, క్రాంకును స్పానర్‌తో చేత్తో తిప్పించండి. లోపల నీళ్లుంటే ఆ కన్నాల్లోంచి చిమ్ముతాయి. ఆ తర్వాత నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించి, అంకెలు రాయించుకోండి. ఒకటి మిగిలిన వాటి కంటే బాగా తక్కువగా ఉంటే అప్పుడే హెడ్డు విప్పించాలి. అలా కొలవడానికి గంట పడుతుంది. చప్పుడు ఏ సిలిండర్‌దో తెలుసుకోవడానికి ఇంజెక్టర్ పైపులు వదులు చేసే పాత అలవాటు మాత్రం ఈ కామన్ రైల్ ఇంజన్ల దగ్గర మానుకోవాలి. ఆ పైపుల్లో ప్రెజర్ వెయ్యి బార్లకు పైగా, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లకు పైగా చేరగలదు. ఆ చిమ్ము చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది.

టీచరు గారూ, రేపు మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు షెడ్డుకు వెళ్లండి, మీవారిని, ఆ ముక్కల డబ్బాను కూడా తీసుకెళ్లండి. ఫ్లాష్ లేకుండా నాలుగు బోరుల లోపలి పై అంచులు, రాడ్డు విరిగిన రెండు ముఖాలు, విప్పిన బేరింగ్ షెల్స్ వరుసగా పేర్చి ఒకటి, టర్బో ఇరుసు ఒకటి ఫోటోలు తీయండి. ప్రతి ఫోటోలో పక్కన ఒక స్కేలు పెట్టండి, మీ సంచిలో ఎలాగూ ఉంటుంది. అవి నాకు పంపితే పాత పట్టీ కింద కొత్త గీత ఉందో లేదో చూసి, వెంటనే జవాబు రాస్తాను.